పంచపార్కుల ప్రభువుకు స్తోత్రం

అయ్యా, యాత్రా నిర్వాహక శిఖామణీ! వాట్సాప్ గ్రూపుకు ఏకైక అడ్మిన్, ఎక్సెల్ షీటుకు సృష్టికర్త అయిన మీకు శతకోటి వందనాలు. మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌లో యూటాలోని అయిదు నేషనల్ పార్కులూ చుట్టేసి రావాలన్న సంకల్పం సామాన్యులకు కలుగుతుందా? జయాన్, బ్రైస్ కాన్యన్, క్యాపిటల్ రీఫ్, కాన్యన్‌ల్యాండ్స్, ఆర్చెస్. లక్షల ఏళ్లుగా గాలీ వానా మంచూ తీరిగ్గా చెక్కిన రాళ్లకు మీరు తలా మూడు గంటలు దయచేశారు, అదీ భోజనంతో కలిపి. కార్తీక మాసంలో ఒక్క బస్సులో పంచారామాలూ తిప్పి తీసుకొచ్చే మన ఆర్టీసీ వారు కూడా మీ ముందు నిదానస్తులే.

మీ కాలజ్ఞానం బ్రహ్మంగారికి సైతం అందనిది. చీకటితో లాస్ వెగాస్ వదిలితే తెల్లవారేసరికి జయాన్‌లో ఉంటామన్నారు. నెవాడా నుంచి యూటాలోకి వెళ్తే గడియారం గంట ముందుకు జరుగుతుందన్న అల్ప విషయాన్ని మాత్రం షీటులోకి రానివ్వలేదు. మీ లెక్క ప్రకారం మనకంటే ముందే ఉదయించడం సూర్యుడి తప్పు.

తీరా చేరేసరికి పార్కింగ్ నిండిపోయింది. సీజన్లో ఆ లోయలోకి సొంత కార్లను వదలకుండా షటిల్ బస్సులు నడపడం 2000లోనే మొదలైంది. పాతికేళ్లుగా ఉన్న ఆ ఏర్పాటును మన కోసం ఒక్క పూట ఎత్తేయమన్నట్టు, ‘మేం చాలా దూరం నుంచి వచ్చామండీ’ అని రేంజరుకు మీరు విన్నవించిన తీరు అమోఘం. క్యూలో ఉన్న మిగతా వాళ్లందరూ పక్కవీధి నుంచి నడిచొచ్చారు కాబోలు! ఏంజెల్స్ ల్యాండింగ్ ఎక్కాలంటే 2022 నుంచి లాటరీలో పర్మిట్ రావాలి. ఆ సంగతి కొండ కింద బోర్డు మీద చదివి, అందరికంటే ముందు ఆశ్చర్యపోయింది మీరే. నాయకత్వమంటే అదే కదా.

ఇక మీ నిరాడంబరతను ఎంత పొగిడినా తక్కువే. మూడు వ్యాన్లలో మందిని దింపి, ‘ఈ జనానికి ఇంకే పనీ లేదా?’ అని విసుక్కున్నారే గానీ, ఆ జనంలో మిమ్మల్ని మీరు లెక్కవేసుకోలేదు. 2024లో అమెరికా నేషనల్ పార్క్ సర్వీసు 33 కోట్లకు పైగా సందర్శనలు నమోదు చేసింది. అందులో మీ మూడు వ్యాన్లూ ఏదో పొరపాటున కలిసిపోయి ఉంటాయి.

క్యాపిటల్ రీఫ్ దగ్గర మీ ప్రతిభ పరాకాష్ఠకు చేరింది. ఇరవై నాలుగో నంబరు హైవే ఆ పార్కు మధ్యనుంచే పోతుంది. బ్రేకు మీద కాలు పెట్టకుండానే ఒక పార్కు ‘చూసేసి’ షీటులో టిక్కు కొట్టించారు. ఆ పార్కులోనే ఫ్రూటాలో మోర్మన్ వలసదారులు నాటి పెంచిన పళ్లతోటలు ఉన్నాయట, ఆ చెట్ల నీడన కాసేపు నడుం వాలుద్దామని వెనక సీట్లోంచి పెద్దావిడ అడిగితే, ‘షీటులో లేదు పిన్నిగారూ’ అన్నారు. కాళ్ల నొప్పులు మాత్రం ఏ గడిలో ఉన్నాయని!

ప్రకృతి మీద మీ ప్రేమ కాన్యన్‌ల్యాండ్స్‌లో బయటపడింది. మేసా ఆర్చ్ దగ్గర సూర్యోదయానికి ట్రైపాడ్ల అడవి మొలిచి ఉంది. ఒక్క మనిషీ పడని ఫొటో కోసం మీరు కాలిబాట వదిలి నల్లటి మట్టిపెళ్లల మీదుగా నడిచారు. ఆ పొర ప్రాణమున్నది. నాచూ లైకెన్లూ కంటికి కనబడని సూక్ష్మజీవులూ కలిసి ఇసుకను కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. దెబ్బతింటే కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అంతకాలం నిలిచే గుర్తును ఒక్క అడుగుతో వదిలారు. శిలాశాసనాలు వేయించిన రాజులు సుత్తీ ఉలీ వెతుక్కోవాల్సి వచ్చింది, మీకు బూటు చాలింది.

ఈ కీర్తి మొత్తం మీదే అంటే అన్యాయం. ఈ అయిదు పార్కులనూ ‘మైటీ ఫైవ్’ అని ఒక దండగా గుచ్చి 2013లో ఊరూవాడా ప్రచారం చేసింది యూటా పర్యాటక శాఖ. రండి రండని పిలిచాక, వచ్చినవారిని ఆపడానికి ఆర్చెస్‌లో 2022లో గంటల వారీ స్లాట్లు పెట్టింది పార్క్ సర్వీసు. పెళ్లికి పిలిచింది ఒకరు, భోజనాలకు టోకెన్లు పంచింది మరొకరు. అక్కడే 1950ల్లో రేంజరుగా పనిచేసిన ఎడ్వర్డ్ ఆబీ, 1968లో వచ్చిన ‘డెజర్ట్ సాలిటేర్’లో, పార్కుల్లోకి కార్లను రానివ్వొద్దని మొత్తుకున్నాడు. పాపం, మీ దర్శనభాగ్యం కలగక అలా రాశాడు.

స్లాట్లు సామాన్యుల కోసమని మీరు తీసుకోలేదు. ఆర్చెస్ గేటు దగ్గర తిప్పిపంపుతూ ఒక రేంజరమ్మాయి, సాయంత్రం స్లాటు వేళలు అయ్యాక రావచ్చనీ, అప్పుడు ఎండా జనమూ తగ్గుతాయనీ, రాళ్లు ఇంకా ఎర్రగా కనబడతాయనీ చెప్పింది. జయాన్‌లో మీ ప్లాను తప్పి, చివరి పార్కులో అదృష్టం తనంతట తాను ఎదురొచ్చి దారి చూపిస్తే, మీరు చలించలేదు. షీటు ప్రకారం సాయంత్రానికి వెగాస్ దారిలో ఉండాలి. గేటు బోర్డు దగ్గర గ్రూప్ ఫొటో దిగి, ‘అయిదూ కంప్లీట్’ అని స్టేటస్ పెట్టి, బండి తిప్పారు.

ఫలశ్రుతి: లాంగ్ వీకెండ్ ముందురోజు ఈ స్తోత్రాన్ని పైపైన చదివినవారికి రోడ్డు మీద పుణ్యం, పార్కింగ్ లాట్‌లో మోక్షం సిద్ధిస్తాయి. మనసు పెట్టి చదివినవారికి మాత్రం నాలుగు పార్కులు కొట్టేసి ఒక్కచోట ఆగుదామన్న దుర్బుద్ధి పుడుతుంది. అటువంటి వారిని గ్రూపులోంచి తీసేసే అధికారం అడ్మిన్‌గా మీకు ఎలాగూ ఉంది.