అసలు రంగు బయటపడింది

మొత్తానికి వచ్చేసిందట. ఆరు సీసాలు, ఒక పెట్టె, మూత మీద "అసలు రంగులు" అని హామీ. రెండో ప్రపంచయుద్ధం ఆఖరి ఏడాది జర్మన్ విమానాల రంగుల గురించి ఇక ఎవరికీ ఏ సందేహమూ ఉండనక్కర్లేదట. ఆ ప్రకటనను ఒక్క పూటలో నాకు తొమ్మిదిమంది పంపారు. తొమ్మిదోవాడు కింద ఓ ముక్క కూడా తగిలించాడు: "ఇక నీ ఫోకెవుల్ఫ్ విమానాల మోడళ్లు బీరువాలోంచి తీసెయ్ గురూ!"

తీయను.

ఆరు సీసాలూ కలిపి వంపితే ఒక టీ గ్లాసు నిండుతుంది. ఆ గ్లాసు ఖరీదు విని మా ఆవిడ, "ఈ డబ్బుతో వంటింటికి రెండు కోటింగులు వేయించొచ్చు, పైగా షేడ్ కార్డు ఊరికే ఇస్తారు" అంది. ఆవిడ మాటలో ఎంత పాయింటుందో ఆవిడకే తెలీదు. ఈ గొడవంతా ఆ షేడ్ కార్డు లేకపోవడం గురించే.

జర్మన్ విమానయాన శాఖను పొట్టిగా ఆర్‌ఎల్‌ఎం అంటారు. రంగులకు నంబర్లిచ్చింది ఆ శాఖే. 65 అంటే లేత నీలం, 70, 71 ముదురు ఆకుపచ్చలు, 74, 75 బూడిద రంగులు, 76 బూడిద చాయ కొట్టే లేత నీలం. 1938లో ఒకసారి, 1941లో ఇంకోసారి రంగు పట్టీలతో సహా పుస్తకాలు వేశారు. అంతవరకు పేచీ లేదు. 1944కి వచ్చేసరికి ఊళ్లు తగలబడుతున్నాయి, పెట్రోలు లేదు, పైలట్లు లేరు. అప్పుడు 81, 82 అని కొత్త రంగులొచ్చాయి. వాటి గురించి ఫ్యాక్టరీలకు పంపిన కాగితంలోనే రాశారు: నమూనా పట్టీలు ప్రస్తుతం ఇవ్వలేం అని. పైగా మీ దగ్గర మిగిలిన పాత డబ్బాలు ముందు ఖాళీ చేయండి, పాతదీ కొత్తదీ జతకలిపి వేసినా పర్లేదు అని.

అంటే స్ప్రే గన్ను పట్టుకుని రెక్క ముందు నిలబడ్డవాడికే సరైన 82 ఏదో ఎవరూ చూపించలేదు. ఎనభై ఏళ్ల తర్వాత మనకు చూపిస్తున్నారు, 17 మిల్లీలీటర్ల సీసాలో.

పేర్ల ముచ్చట కూడా వినాలి. 81కి వాళ్లు పెట్టిన పేరు బ్రౌన్‌వియోలెట్, అంటే గోధుమా ఊదా కలిసినది. పేరు వింటే వంకాయో నేరేడుపండో కళ్లముందు మెదులుతుంది. దొరికిన రేకు ముక్కల్లో నాకైతే ఊదా మచ్చుకైనా కనిపించలేదు. పుస్తకాల్లో వాటి ఫొటోలు చూశాను. ఒకటి ఎండిన గోంగూరలా ఉంటుంది, ఒకటి పాత చింతపండులా ఉంటుంది, మూడోది ఆ రెండూ కలిపి కాచిన పులుసులా ఉంటుంది. మూడూ 81యే. మన సీసావాళ్లు ఈ మూడింట్లో ఒకదాన్ని పట్టుకుని, రంగు కొలిచే మిషను కింద పెట్టి, అంకెలు తీసి, "శాస్త్రీయంగా సరిపోల్చాం" అంటారు. మిషను అబద్ధం చెప్పదు, ఒప్పుకుంటాను. దాని కింద పెట్టిన ముక్క రంగేమిటో చెబుతుంది. ఆ ముక్క ఎనభై ఏళ్లు ఏ బురదలో, ఏ పశువుల పాకలో పడి ఉందో మాత్రం చెప్పదు.

మా అమ్మమ్మ పెళ్లి పట్టుచీర మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. ఎండా వానా ఎరగదు. కలరా ఉండల మధ్య రాణీవాసం వెలగబెడుతోంది. విప్పితే మడత లోపల ఒక ఎరుపు, మడత అంచున ఒక ఎరుపు, పైపొర మీద ఎరుపో ఇటుకో తేల్చలేని ఇంకో రంగు. పెళ్లినాడు అది ఏ రంగని అడిగితే అమ్మమ్మ "ఎర్రచీరేరా" అనేది. అంతకంటే కచ్చితంగా చెప్పగల శాస్త్రవేత్త నాకింతవరకు తారసపడలేదు.

ఇక 83. ముదురు ఆకుపచ్చ అని దశాబ్దాలపాటు ప్రపంచమంతా పూసింది. నేనూ పూశాను, నాలుగు విమానాలకు. ఇప్పుడు అది ఆకుపచ్చ కాదు, నీలం అని వాదించే పరిశోధకులు బయల్దేరారు. సరే, పరిశోధన అన్నాక మాట మారుతుంది, అది తప్పు కాదు. కానీ సీసాలవాళ్లు ఆకుపచ్చ 83నీ అమ్ముతున్నారు, నీలం 83నీ అమ్ముతున్నారు. రెండింటి మీదా "అసలు" అనే ఉంది!

84 సంగతి ఇంకా అందం. యుద్ధం ఆఖర్లో కొన్ని విమానాల పొట్ట కింద ఆకుపచ్చ చాయ కొట్టే బూడిద రంగు కనిపిస్తుంది. దానికి ఏ అధికారిక కాగితంలోనూ నంబరు లేదు. యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్లకు, రాసుకోవడానికి వీలుగా ఉంటుందని కొందరు 84 అని పెట్టుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సోమలింగానికిప్పుడు సీసా ఉంది, మూత ఉంది, మూత మీద నంబరుంది. అది వేయనివాడికి మోడళ్ల పోటీల్లో మార్కులు కట్!

చిన్నప్పుడు అమ్మతో విజయవాడ బీసెంట్ రోడ్డులో మ్యాచింగ్ సెంటర్లకు వెళ్లేవాణ్ణి. రంగుల విద్యలో నాకు తొలిగురువు ఆ కౌంటరు వెనకాల కుర్రాడు. అమ్మ సంచిలోంచి చీర కొంగు తీసి బల్ల మీద పరిచేది. వాడు చీరను ఒక్కసారి చూసి, గోడనిండా ఉన్న తానుల్లోంచి మూడే లాగేవాడు. ట్యూబులైటు కింద మూడూ ఒకేలా ఉండేవి. అప్పుడు వాడు, "అమ్మా, ఓసారి గుమ్మంలోకి రండి" అనేవాడు. ఎండలో పెడితే ఒకటి పచ్చబడేది, ఒకటి నల్లబడేది, ఒక్కటే చీరతో కలిసేది. ఒక దీపం కింద కలిసిన రెండు రంగులు ఇంకో దీపం కింద విడిపోవడాన్ని శాస్త్రంలో మెటమెరిజం అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అది కూడా సరిగ్గా కలవకపోతే వాడి దగ్గర ఆఖరి అస్త్రం ఒకటుండేది: "ఒక ఉతుకు పడితే కలిసిపోతుందమ్మా." ఆ మాట అనగల ధైర్యం ఈ పెట్టె చేసినవాళ్లలో ఒక్కరికీ లేదు.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మా అపార్ట్‌మెంట్ పై అంతస్తు కుర్రాడు ఎనిమిదో తరగతి. వేసవి సెలవులంతా కూర్చుని ఒక మెస్సర్‌ష్మిట్ 109 మోడల్ కట్టాడు. 1/72 స్కేలు, అరచేతిలో పడుతుంది. గ్లూ మరకలున్నాయి, ఒక చక్రం కాస్త వంకర. మొన్న ఒక మోడళ్ల ప్రదర్శనలో బల్ల మీద పెట్టి పక్కన నిలబడ్డాడు. ఒక పెద్దమనిషి వచ్చాడు. మెడలో బ్యాడ్జి, చేతిలో భూతద్దం.

"రంగు ఎక్కడ చూసి వేశావు బాబూ?"

"బాక్స్ మీద బొమ్మ చూసి అంకుల్."

"ఇది 82 కాదు. చిలకాకుపచ్చ."

అంతే. చక్రం వంకర గురించి చెప్పలేదు, చెబితే పిల్లాడు దిద్దుకునేవాడు. రెక్కల కీలు దగ్గర సందు కనబడకుండా ఎంత ఓపికగా పూడ్చాడో చూడలేదు. ఒక్క మాట అనేసి పక్క బల్లకు వెళ్లిపోయాడు. పిల్లాడు సాయంత్రం దాకా ఆగలేదు, విమానాన్ని చెప్పుల పెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

ఏమయ్యా పెద్దమనిషీ, నువ్వు చూశావా 82ని? మీ నాన్న చూశాడా? ఎవరూ నమూనా చూడని రంగు తప్పని పదమూడేళ్ల పిల్లాడికి చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది?

ఇంకోటి కూడా అడుగుతాను. అసలు అసలు అని ఊదరగొడుతున్నారు కదా, ఆ ఏడాది ఆ విమానాలు ఎవరి చేతుల్లో తయారయ్యాయో పెట్టె మీద ఎందుకు వేయలేదు? ఆస్ట్రియాలో గూజెన్ దగ్గర కొండను తొలిచి సొరంగాల్లో ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడ మెస్సర్‌ష్మిట్ 262 జెట్‌ల మొండేలు కట్టింది నిర్బంధ శిబిరం ఖైదీలు. ఫ్లోసెన్‌బుర్గ్‌లో 109ల భాగాలు చేసిందీ ఖైదీలే. తిండి లేక, దెబ్బలు తిని, వేలమంది చచ్చిపోయారు. అలాంటి చోటినుంచి వచ్చిన రేకు మీద రంగు చుక్క అటో ఇటో అయిందని ఎవడు చూశాడు? ఇప్పుడు ఏసీ హాల్లో సమోసా తింటూ, అందులో పసుపు పాలు అరచుక్క ఎక్కువైందని మనం తగువులాడుకుంటున్నాం. మనకు సిగ్గుండాలి. మనకు అనే అంటున్నాను. ముప్పై ఏళ్లుగా ఆ విమానాలు నేనూ కడుతున్నాను. వాటి గురించి వంద పుస్తకాలు తిరగేసిన నాకు గూజెన్ పేరు తెలిసింది చాలా ఆలస్యంగా.

పోనీ ఈ జబ్బు జర్మన్ విమానాలకే పరిమితమా అంటే, కాదు. బ్రిటిష్‌వాళ్ల స్కై అనే రంగు ఉంది. పేరు ఆకాశం, చూస్తే బాతుగుడ్డు పెంకు. 1940 జూన్‌లో యుద్ధవిమానాల పొట్టలన్నిటికీ అదే వేయాలని ఆర్డరిచ్చారు. రంగు చాలలేదు, ఎక్కడివాళ్లక్కడ చేతికందింది కలిపి పూసేశారు. జపాన్‌వాళ్ల జీరో విమానం బూడిద రంగా, ఆకుపచ్చా, బెల్లంపాకమా అన్న తగువులో స్నేహాలు చెడ్డాయి. అమెరికన్ల ఆలివ్ డ్రాబ్ గురించి మాట్లాడను, ఎండకు నిలబడ్డ ప్రతి విమానమూ తన సొంత ఆలివ్ డ్రాబ్ తనే తయారుచేసుకుంది. అమెరికన్ల ఎఫ్‌ఎస్ 595 అయిదంకెల నంబర్లు మనవాళ్లు మంత్రంలా వల్లిస్తారే, ఆ ప్రమాణాన్ని వాళ్ల ప్రభుత్వమే 2017లో రద్దు చేసింది. పూజ మాత్రం ఆగలేదు.

నలుపు తెలుపు ఫొటో చూసి రంగు చెప్పే మహానుభావులకు ఒక్క నమస్కారం. ఆనాటి కొన్ని ఫిల్ముల్లో పసుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది.

ఇంకో శాస్త్రం ఉంది, దాని పేరు స్కేల్ ఎఫెక్ట్. దూరం పెరిగేకొద్దీ గాలిలో రంగు వెలిసినట్టు కనిపిస్తుంది కాబట్టి, చిన్న మోడల్‌కు రంగులో తెలుపు కలపాలట. 1/72కి నూటికి పదిహేను పాళ్లని ఒక లెక్క చలామణిలో ఉంది. సరే, లెక్కే కాబట్టి వేసి చూద్దాం. 1/72 మోడల్‌ను అడుగు దూరంనుంచి చూస్తే, అసలు విమానాన్ని 72 అడుగుల దూరంనుంచి చూసినట్టు. అంటే 22 మీటర్లు. విశాఖ బీచ్‌రోడ్డులో టీయూ-142 ఉంది కదా, మన నేవీ 2017లో విశ్రాంతినిచ్చిన విమానం. దాని రెక్కల నిడివి 50 మీటర్లు. దానికి 22 మీటర్ల దూరమంటే దాదాపు రెక్క నీడలోనే నిలబడ్డట్టు. అంత దగ్గర్లో బూడిద రంగులో పదిహేను పాళ్లు తెల్లబడిందా? నేను వెళ్లి నిలబడి చూశాను. తెల్లబడలేదు. ఉప్పుగాలికి నా కళ్లజోడు మాత్రం మసకబారింది.

తొమ్మిదోవాడి మీద కోపంతో నిన్న ఒక పని చేశాను. నా దగ్గర 82 అని రాసి ఉన్న రంగులన్నీ బయటికి తీశాను. కొన్ని సీసాలు, రెండు పాత రేకు డబ్బాలు. ఒక డబ్బా మూత బిగుసుకుపోతే చెంచా తోకతో లేపాను. పైన తేనెరంగు నూనె తేలింది, అడుగున ముద్ద. పళ్లపుల్లతో పది నిమిషాలు కలిపితే దారికొచ్చింది. ఐస్‌క్రీం చెంచాలు ఏడు తీసుకుని, ఒక్కోదాని వీపున ఒక్కో 82 పూసి, కిటికీ గట్టు మీద ఆరబెట్టాను.

మా ఆవిడ కాఫీ తెచ్చి కిటికీ దగ్గర ఆగింది. "చెంచాలు ఇందుకా మాయమవుతున్నాయి" అంది ముందు. తర్వాత తడుముకోకుండా వరసగా వేలు పెట్టి చూపించింది. "ఇది మామిడి చిగురు. ఇది మెంతాకు. ఇది పిస్తా. ఇది అరిటాకు. ఇది ముదురు చింతాకు. ఇది మన బాల్కనీలో నాచు. ఇదేంటో అసహ్యంగా ఉంది. ఏ విమానానిది ఏది?"

"అన్నీ ఒకటే రంగు," అన్నాను. "82."

ఆవిడ నా వంక చూసింది. ఏమీ అనకుండా పై అంతస్తుకెళ్లి, పిల్లాణ్ణీ వాడి చెప్పుల పెట్టెనూ వెంటబెట్టుకొచ్చింది. వాడు విమానం తీసి గట్టు మీద చెంచాల వరస పక్కన ఒక్కో చోటా పెట్టి చూశాడు. మూడో చెంచాకీ నాలుగో చెంచాకీ మధ్య ఆగాడు.

"అంకుల్, ఆ చక్రం ఎలా సరిచేయాలి?" అన్నాడు.