వయ్యారిభామకు పట్టా

వయ్యారిభామ సూర్యకాంతం కుటుంబపు మొక్క. గయ్యాళితనం ఇంటిపేరులోనే ఉందన్నమాట. పుట్టిల్లు మెక్సికో సింధుశాఖ తీరం. మొలిచిన నెల, నెలన్నరకే తెల్లగా పూస్తుంది. ఒక్కో మొక్క 15,000 నుంచి 25,000 విత్తనాలు రాలుస్తుంది. గాలి, వాననీరు, లారీ టైరు, పశువు గిట్ట, ఏది దొరికితే అదే దాని వాహనం. తగిలితే దురద, దద్దుర్లు. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. మేసిన పశువు పాలు చేదెక్కుతాయి. 1950లలో పుణె దగ్గర జనం కంటపడి, అమెరికా గోధుమలతో దిగిందన్న నింద మోస్తూ, ‘కాంగ్రెస్ గడ్డి’ అనే రెండో పేరు తెచ్చుకుంది. రోడ్డు పడిన చోటికల్లా వెళ్తుంది కాబట్టి శ్రీకాకుళం వైపు సీతంపేట మన్యానికీ వచ్చింది. బస్సు రాని గూడేనికి కూడా సంత మూటలో కూర్చుని చేరగలదు.

ఎవరి పెరట్లోది వారే పీక్కోవాలన్న హితవు అందరూ విన్నదే. అందులో చట్టపరంగా ఒక లోటుంది. భామ ఆక్రమణదారు కాదు, హక్కుదారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పట్టాకు దానికున్న అర్హతలను వరుసగా చూడవచ్చు.

మొదటిది నివాస కాలం. గిరిజనులైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ నేల మీద ఉండాలి. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు గడిచి ఉండాలి. చట్టం లెక్కలో తరం అంటే 25 ఏళ్లు. భామకు ఒక వర్షాకాలం చాలు, మనవరాళ్లు పుట్టుకొస్తారు. అంత ఉదారపు లెక్క అక్కర్లేదనుకున్నా ఇబ్బంది లేదు. సామర్లకోటలో తోట పెంచిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ తర్వాత కలకత్తా కంపెనీ తోటకు వెళ్లి తయారుచేసిన మొక్కల జాబితా 1814లో అచ్చయింది. అందులో భామ పేరుంది. గడువు తేదీకి 191 ఏళ్ల ముందు మాట. కలకత్తా తోటలోని పేరు సీతంపేట కొండకు ఎలా చెల్లుతుందని ఎవరూ అడగరు, ఆంగ్లంలో అచ్చయిన కాగితం మరి.

ఇక్కడే ఆ కొండల సవర గిరిజన దరఖాస్తుదారు వెనకబడతాడు. గ్రామ పెద్దల మాటను రాసుకుని సాక్ష్యంగా తీసుకోవచ్చని నిబంధనల్లో ఉంది. బావి, శ్మశానం, రాళ్లు పేర్చిన గట్టు కూడా రుజువులే. అయినా బల్ల అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న కాగితం ఏదని. అచ్చు కాగితమే కావాలంటే గిడుగు రామమూర్తి రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేసింది. అయితే అందులో క్రియలూ విభక్తులూ ఉన్నాయి గానీ సర్వే నంబర్లు లేవు.

రెండోది విస్తీర్ణం. మనిషికి గరిష్ఠం 4 హెక్టార్లు, అంటే సుమారు పదెకరాలు. భామ ఆ హద్దు ఎప్పుడో దాటింది. కొలవడానికి వచ్చినవారు చేతులు గోక్కుంటూ వెనుదిరుగుతారు కాబట్టి అభ్యంతరాలు నమోదు కావు. రిజర్వు ఫారెస్టులో నేల చదును చేసిన మనిషి మీద 1967 అటవీ చట్టం కింద కేసు రాయవచ్చు. విత్తనం రాల్చిన మొక్క మీద రాయడానికి ఫారంలో గడి లేదు.

మూడోది 1/70. కొండ భూములను అప్పుల పద్దుల్లో కలిపేసుకున్న షావుకార్ల మీద శ్రీకాకుళం గిరిజనులు తిరగబడ్డాక గట్టిపడిన చట్టం అది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతిలో ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది గిరిజనుల దగ్గరి నుంచి వచ్చినదేనని భావిస్తుంది. మెక్సికో భామ విషయంలో ఆ భావన అక్షరాలా నిజం. అయినా నోటీసు ఇవ్వడానికి ఆమెకు ఇంటి నంబరు లేదు.

ఇంటి నంబరు సవరకూ లేకపోవచ్చు. హితవు మాత్రం అతని గుమ్మం వెతుక్కుని మరీ వచ్చింది. పీకమన్నప్పుడు అది అతని పెరడు. పట్టా అడిగిన రోజున అదే గుమ్మం, అదే చింతచెట్టు, అదే గట్టు అడవి అయిపోతాయి. 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఖాళీ చేయించమన్నది మనుషుల్ని. ఫిబ్రవరి 28న ఆ ఆదేశం ఆగింది. ఆ పదిహేను రోజులూ దేశంలో ఎన్ని గూడేల్లో ఎంతమందికి కంటి మీద కునుకు లేదో లెక్క కట్టిన కార్యాలయం లేదు. తన ఇల్లు తనదేనని చెప్పనివ్వని వ్యవస్థకు, ఆ ఇంటి చుట్టూ కలుపు ఎందుకు పెరిగిందని అడిగే నోరెక్కడిది? వట్టి చేతులతో పీకి, మోచేతుల దాకా పుండ్లు పడేది అక్కడి ఆడవాళ్లకు. చేతి తొడుగులు వాడాలని హితవులో ఉంది. ఆ జత ఎవరిస్తారో లేదు.

నివారణ పద్ధతి ఇదీ. పూతకు ముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి కనీసం గుడ్డ చుట్టుకుని వేరుతో సహా పీకాలి. బీడు జాగాలో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మాడిపోతుంది, పంట ఉన్నచోట చల్లకూడదు. తంగేడు, తగిరిస దట్టంగా పెరిగినచోట అణిగి ఉంటుంది. దీని ఆకు తినే మెక్సికో పెంకు పురుగును 1980లలో బెంగళూరులో వదిలారు, ఆ తర్వాత చాలా చోట్లకు పాకింది. రాలిన విత్తనం నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది కాబట్టి వచ్చే తొలకరికీ పీకాలి, ఆపై తొలకరికీ పీకాలి. పట్టా దరఖాస్తు నకలును అప్పటిదాకా చెదలు పట్టకుండా చూసుకోవాలి.