సైంధవ వ్యాఖ్య

అవతారిక: మా బావమరిది విశాఖ తీరంలో పాత జెట్ స్కీ ఒకటి కొని తిప్పేవాడు. ఒకనాడు అలకు బోల్తా పడింది. ఏ వైపు నుంచి తిప్పి నిలబెట్టాలో వెనకాల బాణం గుర్తు అంటించి ఉంటుంది. వాడు రెండో వైపు తిప్పాడు. ఇంజను కడుపు నిండా సముద్రం తాగింది. ఒడ్డున కూర్చుని మాన్యువల్‌లో తెలుగు పేజీ చదివాడు. చదివి కూడా పదిసార్లు స్టార్టరు నొక్కాడు. మూడోనాడు దాన్ని బొలేరోలో వేసి, అనంతగిరి మలుపులన్నీ ఎక్కించి, అరకులో మా పెరట్లో దింపాడు. "కొండ మీద చల్లన కదా బావా, తుప్పు పట్టదు" అన్నాడు. ఇక ఆ తెలుగు పేజీ.

మూలం: జలనిమగ్నమైన యంత్రమును ప్రారంభించుటకు యత్నింపరాదు. తక్షణమే అధీకృత సేవా కేంద్రమును సంప్రదింపవలెను.

ప్రతిపదార్థం: యంత్రమును = జెట్ స్కీని. ఇది నిజానికి కవాసాకి వారు పెట్టుకున్న పేరు. డాల్డాలాగా రూఢి అయిపోయి అందరి బండ్లకూ అంటుకుంది, మావాడిది ఆ కంపెనీది కాకపోయినా. తక్కినవి సులభాలు.

విశేషం: మూలంలో లేనిది రాయనన్న మల్లినాథసూరి మన కొల్చారం వాడే. ఆయనకు కాళిదాసు దొరికాడు, నాకు ఈ మాన్యువల్ మూలకారుడు దొరికాడు. "జల" అన్నాడు గాని ఏ జలమో చెప్పలేదు కనుక "లవణ" శబ్దాన్ని అధ్యాహారం చేసుకోవాలి. సైంధవమంటే ఉప్పు, గుర్రం కూడా. విస్తరి ముందు కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి లేచినవాడు తెమ్మంటే గుర్రాన్ని తేవాలి, సందర్భమే నిర్ణయిస్తుందని శాస్త్రం. మా పెరట్లో సందర్భం చేతులెత్తేసింది. సైంధవమే సైంధవాన్ని తాగి పడుకుంది. లావణ్యం కూడా లవణంలోంచి పుట్టిన మాటే. ఈ బండి దానికి ఉదాహరణ కాదు.

ఉప్పు మాట వచ్చింది గనుక ఇంకొంచెం. ఈ కొండలకు ఉప్పు ఎప్పుడూ కిందినుంచే ఎక్కాలి. లంబాడీలు ఎద్దుల మీద తీరపు ఉప్పు మోసుకుని బస్తరు దాకా పోయేవారు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ చింతపండు, కొండచీపుర్లు కొని, డిపోల్లో ఉప్పూ పప్పూ అమ్మింది. గడియారం పెట్టుకుని చూడండి, వానాకాలంలో మా ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే పూట తిరక్కుండా చెమర్చుతుంది. గాల్లో తేమ ఎక్కడున్నా ఉప్పు పిలుచుకుంటుంది. కనుక తుప్పును గూర్చిన మా బావమరిది సిద్ధాంతం పూర్వపక్షం. అరకు మంచులో ఆ ఇంజను రోజూ పొద్దున్నే మళ్లీ తడుస్తోంది. సంతకు పోతున్న ఓ ముసలమ్మ ఆగి, బండి మీద తెల్లగా పేరుకున్నది వేలితో గీకి నాలుకకు రాసుకుని, "ఇంతుప్పు ఇనుంకెట్టేసినారేటి బాబూ" అంది. ఇంతకంటే మంచి వ్యాఖ్య నాది కాదు.

ఏం చెబుతున్నాను? ఆ, "యత్నింపరాదు." ఎందుకు యత్నింపరాదు? మూలకారుడు చెప్పడు. కారణం చెప్పని నిషేధాన్ని మనవాళ్లు బిల్లు కోసం వేసిన ఎత్తు అనుకుంటారు, మా వాడూ అలాగే అనుకున్నాడు. గాలి అణుగుతుంది, నీళ్లు అణగవు. సిలిండరులో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే ఎటూ పోలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంతే! ఈ రెండు ముక్కలు రాయడానికి ఆయనకు ఏ ప్రత్యయం అడ్డొచ్చింది? ముందు స్పార్కు ప్లగ్గులు విప్పాలి, ఆ తర్వాతే ఇంజను తిప్పి రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మించాలి. మంచినీళ్లతో ఉప్పు కడగాలి, ఆయిలు మార్చాలి, తెల్లదనం పోయేదాకా మళ్లీ మళ్లీ మార్చాలి. ఇదంతా మునిగిన గంటల్లోనే చేయాలి.

"అధీకృత": ఎవరిచేత? ఆ కేంద్రం నూరు కిలోమీటర్ల పైచిలుకు ఘాట్ రోడ్డు దిగితే ఉంది, "తక్షణమే" వెళ్లాలి. మా ఊళ్లో మోటారు పంపులు బాగుచేసే మేస్త్రీ ఏ అధికారమూ లేకుండా వచ్చి డిప్‌స్టిక్ లాగాడు. ఆయిలు పాలు ఎక్కువైన అరకు కాఫీలా ఉంది.

"ప్లగ్గులిప్పక ముందే నొక్కేరేటి?" అన్నాడు.

బావమరిది మూలంకేసి చూశాడు.