అలాస్కాకు వయా విక్టోరియా

సియాటిల్ అమెరికాలో ఉంది. అలాస్కా కూడా అమెరికాలోనే ఉంది. 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్నారు, 1959లో రాష్ట్రం చేశారు, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. కాబట్టి పదేళ్ళ అమెరికా వీసా ఉన్న మనిషి సియాటిల్లో ఓడెక్కి, అలాస్కాలో మంచుకొండలు చూసి, మళ్ళీ సియాటిల్లోనే దిగడానికి ఇంకే కాగితమూ అక్కర్లేదని మీరనుకుంటే, మీకు భూగోళం బాగానే వచ్చు గానీ క్రూజ్ సంగతులు తెలీవన్నమాట. కెనడా వీసా కావాలి.

ఏడు రాత్రుల ప్రయాణంలో ఓడ జునో, స్కాగ్వే, కెచికన్ లాంటి ఊళ్ళు చూపించి, తిరుగుదారిలో ఓ సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. చాలా ఓడలు పొద్దువాలాక వస్తాయి, అర్ధరాత్రికల్లా వెళ్ళిపోతాయి. ఆ ఊరు పూలతోటలకు ప్రసిద్ధి. పూలను టార్చిలైటు వేసుకుని చూడాలి కాబోలు. దిగి తీరాలని రూలేమీ లేదు. కానీ దిగకపోయినా వీసా ఉండాల్సిందే. మీరు కేబిన్లో రగ్గు కప్పుకుని గురకపెడుతున్నా సరే, ఓడ గట్టుకు తగిలింది గనక ఆ గురక కెనడాలో పెట్టినట్టే లెక్క. వీసా లేదంటారా, గురక దాకా రానివ్వరు. సియాటిల్ రేవులోనే సూట్‌కేసుతో సహా వెనక్కి తిప్పేస్తారు. పత్రాలు చూసుకోవాల్సిన బాధ్యత ప్రయాణికుడిదేనని టికెట్ షరతుల్లో ముందే రాసి ఉంటుంది. ఆ షరతులు మనం ఎప్పుడు చదువుతామంటే, రేవు బయట సూట్‌కేసు మీద కూర్చున్నాక.

ఇంతకీ ఓడ అక్కడ ఎందుకాగుతుంది? కెనడా మీద ప్రేమతో కాదు, 1886 నాటి ఓ చట్టానికి భయపడి. మన దగ్గర కాంగ్రెస్ పార్టీ పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అమెరికాలో కట్టని, అమెరికా జెండా లేని ఓడ ఒక అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవుకు చేరవేయకూడదు అన్నది ఆ చట్టం సారాంశం. ఎక్కిన రేవులోనే దించే ఓడకు మధ్యలో పరాయి దేశం తగిలితే తప్పు మాఫీ. అప్పట్లో జరిమానా మనిషికి 2 డాలర్లు. అది మరీ చవకని 1898లో 200 చేశారు. ఇప్పుడు 900 దాటింది. మూడు వేల మంది ఉన్న ఓడకు ఇది ఎంతవుతుందో లెక్కేసుకున్న కంపెనీలు, పోనీ విక్టోరియాలో ఓ గంట నిలబడి పోదాం అనుకున్నాయి.

అమెరికా ఓడల పరిశ్రమను కాపాడటానికి తెచ్చిన చట్టమిది. బాగానే కాపాడింది. ఇవాళ అమెరికా జెండా కట్టుకుని సముద్రంలో తిరిగే పెద్ద క్రూజ్ ఓడ ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. ప్రైడ్ ఆఫ్ అమెరికా దాని పేరు. హవాయి దీవుల చుట్టూ తిరుగుతుంటుంది. ఆ ప్రైడ్‌ను కూడా మిసిసిపీలో మొదలెట్టి, పూర్తిచెయ్యలేక, జర్మనీలో ముగించారు. జర్మనీలో ముగించినదాన్ని అమెరికాలో కట్టినట్టే భావించడానికి వాళ్ళ పార్లమెంటు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. 2021లో కరోనా వల్ల కెనడా తన రేవులు మూసేస్తే, విక్టోరియాను ముట్టుకోకపోయినా పరవాలేదని మరో చట్టం చేశారు. ఓడలు తిన్నగా అలాస్కా వెళ్ళొచ్చాయి. అమెరికా మునిగిపోలేదు. మరుసటి ఏటికి కెనడా తలుపులు తీసింది, ఓడలు మళ్ళీ బుద్ధిగా వెళ్ళి ఆ గట్టుకు తలానించడం మొదలుపెట్టాయి.

వేసవి వచ్చిందంటే సియాటిల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో తెలుగు అమ్మానాన్నల సీజన్. పగలంతా పిల్లలు ఆఫీసులో, వీళ్ళు బాల్కనీలో. ఆ పాపభీతితో పిల్లలు అలాస్కా క్రూజ్ బుక్ చేస్తారు. మా పెదనాన్న ప్రయాణం కూడా అలా పుట్టిందే. ఆయన కోనసీమలో ఓ మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కులం, ఆదాయం, నివాసం, ఏ ధ్రువపత్రమైనా ఆయన బల్ల దాటే బయటికి రావాలి. "సంతకం పక్కన తేదీ లేదు, రేపు రా" అన్న మాటను ఓ జీవితకాలం అన్న మనిషి. అలాంటి మనిషిని కెనడా ఆన్‌లైన్ ఫారం ముందు కూర్చోబెట్టారు.

ఆయన కంగారుపడలేదు. పైగా ముచ్చటపడ్డాడు. "ఎవడ్రా ఈ ఫారం వేసింది? మనవాడే అయ్యుంటాడు" అన్నాడు కొడుకుతో.

పుట్టిన తేదీ దగ్గర ఇబ్బంది లేదు. జులై ఒకటి. బళ్ళో చేర్చినప్పుడు మాస్టారు అందరికీ వేసిన తేదీ అది. ఆయన తరగతిలో సగంమంది ఆ రోజే పుట్టారు. అసలు పుట్టింది గాలివాన ఏడాది కార్తీకంలో అని వాళ్ళమ్మ చెప్పేది గానీ, గాలివానకు ఫారంలో గడి లేదు. చిక్కల్లా వాళ్ళమ్మ దగ్గరే వచ్చింది. తల్లిదండ్రుల పుట్టిన తేదీలు కూడా రాయాలి.

"మా అమ్మ పుట్టిన తేదీ మా అమ్మకే తెలీదు. కెనడావాడికి దేనికిరా?"

"వాళ్ళు అడుగుతున్నారు నాన్నా."

"ఆవిడ ఓడెక్కట్లేదుగా? పోయి ముప్పయ్యేళ్ళయింది."

"అయినా అడుగుతున్నారు."

పెదనాన్న కాసేపు ఆలోచించి, "న్యాయమే. నేనూ వంశవృక్షం లేందే ఏదీ ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు.

తర్వాత ప్రశ్న: కెనడా ఎందుకు వెళుతున్నారు? నిజం రాయాలంటే, 'అమెరికావాళ్ళకు 1886లో ఒక చట్టం ఉంది, దాని కోసం' అని రాయాలి. కొడుకు 'టూరిజం' అని రాశాడు. దరఖాస్తుకు వంద కెనడా డాలర్లు, వేలిముద్రలకు మరో 85. ఊళ్ళో రైతులందరి చేతా నిశానీ వేయించుకున్న మనిషి తన బొటనవేలిని గాజుపలక మీద ఆనించాడు. అది చాలక, వీసా అతికించడానికి పాస్‌పోర్టును పార్సిల్లో పంపమన్నారు. "పరాయి దేశంలో ఉన్నదే ఆ ఒక్క పుస్తకం ఆధారంగా, దాన్ని కవర్లో పెట్టి పోస్టు చెయ్యడమేమిట్రా" అని పెద్దమ్మ ఆ వారమంతా బాల్కనీలోకి కూడా వెళ్ళలేదు.

ఇక పేర్లు. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మన గోదావరి జిల్లాల పేర్లేమో వెంకటతో మొదలై, సత్యను, సూర్యను, వీరను కలుపుకుంటూ పోతే గానీ మనిషి దగ్గరకు చేరవు. ఇంటిపేరు ముందుంటుంది. వాళ్ళు చివర అడుగుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన బుద్ధిమంతుల సంగతి ఇంకా బావుంటుంది. ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిపి, అసలు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని వేస్తుంది అమెరికా వీసా. మొదటి పేరు తెలియదని దానర్థం. అలా బారసాల జరిగిన అరవయ్యేళ్ళకు పేరు తెలియనివాళ్ళైపోయిన తెలుగువాళ్ళు ఆ దేశంలో చాలామందే ఉన్నారు. పెద్దమ్మకు ఆ బాధ తప్పింది గానీ, పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటిపేరు. రెండూ ఒకరివే అనడానికి ఉన్న సాక్ష్యం ఓ పాత శుభలేఖ. దాన్ని నోటరీ అటెస్టేషన్‌తో సహా పట్టుకొచ్చాడు పెదనాన్న. అడిగినవాడు లేడు. అది వేరే సంగతి.

ఇదే ఓడకు ఇదే ఇంట్లోంచి బయల్దేరిన మిగతావాళ్ళను చూడండి. కొడుకు పాస్‌పోర్టులో హెచ్1బీ ఉద్యోగ వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో దాటిపోయింది. అయినా అమెరికాలో ఉండనిచ్చే గడువు చెప్పే ఐ-94 చెల్లుబాటులో ఉండి, కెనడా వెళ్ళి ముప్పై రోజుల్లోపు వచ్చేస్తే, గడువు తీరిన ఆ వీసానే బతికున్నట్టు లెక్కగట్టి లోపలికి రానిస్తారు. అంటే చచ్చిన అమెరికా వీసా పనిచేస్తుంది. పెదనాన్న దగ్గరున్న నిక్షేపంలాంటి పదేళ్ళ వీసా మాత్రం విక్టోరియా గట్టు మీద చెల్లదు. (కొడుక్కీ కెనడా వీసా కావాలి లెండి, ఆ విషయంలో కుటుంబమంతా సమానమే.) కుటుంబమంతా అంటే మనవడు తప్ప. ఆరేళ్ళవాడు, అమెరికాలో పుట్టాడు. బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ఓడ గనక వాడికి పాస్‌పోర్టు కూడా తప్పనిసరి కాదు. పదహారేళ్ళలోపు అమెరికా పిల్లలకు పుట్టిన సర్టిఫికెట్ చాలు, అది జిరాక్సైనా సరే.

ఈ జిరాక్స్ దగ్గరే పెదనాన్నకు మనసు విరిగింది. "ఒరిజినల్ చూడకుండా ఎలా పంపుతార్రా? పోనీ గెజిటెడ్ సంతకమైనా ఉందా?" అని రేవు క్యూలో అందరికీ వినబడేలా అడిగాడు. క్యూలో సగం తెలుగువాళ్ళే కావడంతో అందరికీ అర్థమైంది కూడా.

మొత్తానికి ఎక్కారు. హిమానీనదం చూశారు, కెచికన్‌లో వానలో తడిశారు. తన వీసాలతో ఓడ కాగితాలు పోల్చి చూడాలన్న ఆలోచన పెదనాన్నకు ఎప్పుడొచ్చిందో తెలీదు గానీ, జునోలో రేవు మీద నిలబడి ఓడ వెనకభాగం తీరుబడిగా చూస్తుంటే దాని సొంతూరి పేరు కనబడింది. నాసౌ. బహామాస్ రాజధాని. క్రూజ్ ఓడల్లో బహామాస్, పనామా, మాల్టా వాస్తవ్యులే ఎక్కువ. కంపెనీ ఆఫీసు మయామీలో ఉంటుంది, కంపెనీ పుట్టుక లైబీరియాలోనో ఇంకే దేశంలోనో నమోదై ఉంటుంది, ఓడను ఏ యూరప్ దేశంలోనో కట్టి ఉంటారు. పన్నులు, జీతాలు, కార్మిక చట్టాలు ఎక్కడ తేలిగ్గా ఉంటే ఆ ఊరిపేరు వెనక రాయించుకుంటారు. ఎవడూ దాని తల్లి పుట్టిన తేదీ అడగడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వడ్డించే కుర్రాడు గోవావాడు తగిలాడు. వాడి కాగితాలు కూడా పెదనాన్న వాకబు చేశాడు. పాస్‌పోర్టు, సీడీసీ అనే నావికుల పుస్తకం, ఓడ సిబ్బందికిచ్చే అమెరికా వీసా, డాక్టరు సర్టిఫికెట్, అన్నీ ఉన్నాయి.

"మంచిది బాబూ. ఈ ఓడ ఎప్పుడైనా నాసౌ వెళ్ళిందా?" అని వచ్చీరాని హిందీలో అడిగాడు.

వాడు ఆలోచించాడు. తను చేరాక వెళ్ళలేదన్నాడు. వేసవిలో అలాస్కా, చలికాలం ఇంకో సముద్రం.

పెదనాన్న చెయ్యి కడుక్కుని నాకు వాట్సాప్‌లో ఫోన్ చేశాడు. ఇక్కడ మనకు పొద్దెక్కింది.

"అక్కడ ఒక్క రోజు కూడా ఉండదుట్రా. అద్దెరసీదు లేదు, రేషన్ కార్డు లేదు, వీఆర్‌వో విచారణ లేదు. దీనికి నివాస ధ్రువపత్రం ఎవడిచ్చాడో గానీ, నా బల్ల మీదికి వచ్చుంటే రేపు రమ్మనేవాణ్ణి."