తొట్టి పెంచుకున్న పికప్ కథ

పికప్ బండికి పెద్ద తొట్టి కట్టించాలన్న ఆలోచన అనంతపురం మెట్టప్రాంతంలో సరుకును బట్టే పుడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన పడే ఈ నేలలో ప్రధాన పంట వేరుశనగ. శెనక్కాయ కట్టె, కరువు ఏళ్లలో కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హెచ్చెల్సీ (ఎగువ కాలువ) ఆయకట్టు నుంచి తెచ్చే వరిగడ్డి బరువు తక్కువవి, చోటు ఎక్కువ అడిగేవి. ఈ కథలోని బొలెరో పికప్‌కు తొలి రోజుల్లో గడ్డి వేసుకున్నప్పుడల్లా తొట్టి నిండిపోయేది, మోయగల బరువు మాత్రం ఇంకా మిగిలేది. అందుకే దాని యజమాని తొట్టిని వెనక్కి రెండు అడుగులు పెంచాడు.

పని షెడ్డులో జరిగింది. పాత తొట్టి బోల్టులు విప్పి, ఛాసిస్ మీద పొడవాటి ఇనుప ఛానెళ్లు పరిచి, రెంటి మధ్య చెక్క పట్టీ వేసి, యూ బోల్టులతో బిగించారు. ఛాసిస్ పై అంచుకు, కింది అంచుకు రంధ్రం వేయకూడదు, వెల్డింగ్ చేయకూడదు. బండి గుంతలో పడినప్పుడు వంగే ఒత్తిడి ఆ అంచుల్లోనే అత్యధికం కాబట్టి పగులు అక్కడే మొదలవుతుంది. ఈ జాగ్రత్త తీసుకున్న మేస్త్రీ పనితనం మెచ్చుకోదగినది. ఇక 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు సుమారు 24 కిలోలు తూగుతుంది. దానికి అడ్డపట్టీలు, పక్క డోర్ల బరువు కూడా కలుస్తుంది. బండి మొత్తం బరువుకు చట్టం పెట్టిన హద్దు మారదు గనుక, పెరిగిన ఇనుము ఎంతో సరుకు అంత తగ్గాలి.

పెరిగిన చోటు ఎక్కడన్నది ఇంకా ముఖ్యం. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు అనుకుంటే, వెనుక ఇరుసుకు 1.5 మీటర్లు వెనక 200 కిలోలు పెడితే ముందు ఇరుసు మీద 100 కిలోలు తగ్గి, వెనుక ఇరుసు మీద 300 కిలోలు పెరుగుతాయి. స్టీరింగ్ తేలికవుతుంది, ముందు చక్రాల బ్రేకు పట్టు తగ్గుతుంది. కమాన్ పట్టీలు అదనంగా వేసినా ఇరుసు, టైర్లు, బ్రేకుల సత్తా పెరగదు.

గడ్డితో ఈ బండికి ఇబ్బంది రాలేదు. ఎండాకాలంలో తోటలకు నీళ్లు మోసినప్పుడే వచ్చింది. ఘనపు మీటరు నీరు ఒక టన్ను. 2.7 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న తొట్టిలో అడుగు లోతు నీరే దాదాపు 1.4 టన్నులు. పెద్ద తొట్టి ఖాళీగా కనబడినంత మాత్రాన అందులో ఇంకో డ్రమ్ము వేయడం ప్రమాదం. చీనీకాయలు (బత్తాయిలు) మోసినా ఈ లెక్క తప్పదు.

చట్టం ఈ మార్పును అంత తేలిగ్గా ఒప్పుకోదు. వెనుక ఇరుసు దాటి బయటికొచ్చే భాగం ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం మించకూడదన్నది ఒక నియమం. ఆ హద్దులో ఉన్నంత మాత్రాన సరిపోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000 చొప్పున కట్టాలి. ఈ బండి ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు కొలతలు ఆర్‌సీతో సరిపోలలేదు. పెంచిన రెండు అడుగులూ కోసి తీసేశారు.

గడ్డి మోయడమే ప్రధానమైతే, కొనేటప్పుడే కంపెనీ ఇచ్చే పొడవు తొట్టి మోడల్ ఎంచుకోవడం సరైన దారి. అందులో ఇరుసూ కమాన్లూ బ్రేకులూ ఆ పొడవుకు పరీక్షించి ఇచ్చినవి. ఉన్న బండితోనే నెట్టుకురావాలంటే వరిగడ్డిని బేలర్‌తో కట్టలుగా కొట్టించాలి. ఈ బండి ఇప్పుడు అలాంటి కట్టలే మోస్తోంది. గడ్డి ఒత్తుకుపోవడం వల్ల పాత తొట్టిలోనే ఎక్కువ పడుతుంది, అయితే బరువు కూడా ఆ మేరకు పెరుగుతుంది గనుక కట్టలను తూకం వేసి, వెనుక ఇరుసుకు ముందు భాగంలో పేర్చాలి.