జెండా చూసినవాడు

తప్పు కళ్ళెదుటే జరుగుతున్నా చూసీ చూడనట్టు ఊరుకోవడాన్ని ఇంగ్లీషులో 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అంటారు. ఈ జాతీయం ప్రస్తావన వస్తే చాలు, బ్రిటిష్ నౌకాదళ సేనాని హొరేషియో నెల్సన్ కథే చెబుతారు.

1801 ఏప్రిల్ 2. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ ముంగిట సముద్రంలో బ్రిటిష్ ఓడలకూ డేనిష్ ఓడలకూ హోరాహోరీ పోరు. దాడి నడిపిస్తున్నవాడు నెల్సన్. 1794లో కోర్సికా దీవిలో కాల్వి ముట్టడప్పుడు ఆయన కుడికంటి చూపు పోయింది. మూడేళ్ళకు టెనెరిఫేలో కుడిచెయ్యీ పోయింది. పైఅధికారి అడ్మిరల్ హైడ్ పార్కర్ మిగతా ఓడలతో దూరంగా ఉన్నాడు.

మొదట్లోనే మూడు పెద్ద బ్రిటిష్ ఓడలు ఇసుకమేటల్లో చిక్కుకున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట దాటినా డేనిష్ ఫిరంగుల జోరు తగ్గలేదు. దూరం నుంచి చూస్తున్న పార్కర్‌కు దిగులు పట్టుకుంది. తన ఓడ మీద 39వ నంబరు సంకేతం ఎగరేయించాడు. పోరు ఆపమని దాని అర్థం.

ఆ కబురు నెల్సన్‌కు చెప్పారు. దగ్గరికెళ్ళి కొట్టమనే తన 16వ నంబరు జెండాను దించవద్దన్నాడు ఆయన. పక్కనున్న కెప్టెన్ ఫోలీతో, "నాకున్నది ఒక్క కన్నే. అప్పుడప్పుడు గుడ్డివాణ్ణయ్యే హక్కు నాకుంది" అన్నాడు. దుర్భిణిని చూపులేని కంటికి ఆనించుకుని, "నిజంగానే నాకా జెండా కనబడటం లేదు" అన్నాడు. అదే ఓడలో ఉన్న కల్నల్ స్టీవర్ట్ ఈ ముచ్చట రాసిపెట్టాడు.

ఫిరంగులు మోగుతుండగా ఆ ఇరుకు దారిలో వెనక్కి మళ్ళితే ఓడలు దక్కేవి కావు. కాబట్టి నెల్సన్ తెగింపులో తెలివీ ఉంది. ఆ మధ్యాహ్నమే కాల్పులు ఆగాయి. తర్వాత పార్కర్‌ను వెనక్కి పిలిపించి నౌకాదళాన్ని నెల్సన్ చేతికిచ్చారు, వైకౌంట్ బిరుదూ ఇచ్చారు. అందరూ చెప్పుకునే కథ ఇంతవరకే.

కానీ పార్కర్ ఆ జెండాలు ఎగరేసింది నెల్సన్ ఒక్కడి కోసం కాదు.

డేనిష్‌వాళ్ళ ట్రెక్రోనర్ కోట ఫిరంగుల ముందు చిన్న ఓడలతో తలపడుతున్నవాడు కెప్టెన్ ఎడ్వర్డ్ రియూ. 1789లో మంచుకొండను గుద్దుకుని మునగబోయిన ఓడను, వదిలిపెట్టకుండా వారాల తరబడి నడిపి ఆఫ్రికా దక్షిణ తీరానికి చేర్చిన మొండివాడు. పార్కర్‌కు అందరికన్నా దగ్గరగా ఉన్నది అతని దళమే. 39వ నంబరు అతనికి స్పష్టంగా కనబడింది. నెల్సన్ ఓడ మాత్రం పొగలో కనబడలేదు.

తలకు గాయమై ఫిరంగి మీద కూర్చుని రియూ తనవాళ్ళకు ధైర్యం చెబుతున్నాడు. వెనక్కి తగ్గడం అతనికి ప్రాణసంకటం. అయినా ఆజ్ఞ ఆజ్ఞే. "నెల్సన్ మన గురించి ఏమనుకుంటాడో!" అని కుమిలిపోతూనే ఓడను మళ్ళించాడు. మళ్ళేసరికి ఓడ వెనుకభాగం కోటకు సూటిగా దొరికింది. అతని పక్కనే గుమాస్తా కూలిపోయాడు. మరో గుండు రియూను రెండు ముక్కలు చేసింది.

తాను పాటించిన ఆజ్ఞను నెల్సన్ అసలు 'చూడనే లేద'ని తెలియకుండానే, ఆయన ముందు తలవంపులైందన్న బాధతో రియూ పోయాడు.