కార్డు ముక్కకి జవాబు

మొన్న మా మనవడు మద్రాసు పక్క ఇంజనీరింగ్ కాలేజీకి బయల్దేరాడు. పెట్టె సర్దకముందే వాడికి అక్కడ పదకొండు మంది స్నేహితులు! "మొహం చూడకుండా స్నేహమేంట్రా?" అంటే, "వీడియో కాల్లో చూశాంగా తాతయ్యా, పక్క మంచం వాడిది గుంటూరు. వాళ్ళ కుక్క పేరు కూడా తెలుసు" అన్నాడు. కుక్క పేరు తెలుసు. వాళ్ళ నాన్న ఏం చేస్తాడో తెలీదు.

మా రోజుల్లో స్నేహానికి రైలెక్కాల్సొచ్చేది. గుడ్లవల్లేరులో పదో తరగతి అయితే ఇంటరుకి గుడివాడ ఏయెన్నార్ కాలేజీయే, 1950లో పెట్టింది. బందరు వైపు నుంచి వచ్చే బండిలో పెడన, వడ్లమన్నాడు, కవుతరం కుర్రాళ్ళు అప్పటికే బల్లలన్నీ ఆక్రమించేసేవాళ్ళు. నూజెళ్ళ దాటితే గుడివాడే గదా, మేం నిలబడే వెళ్ళేవాళ్ళం. వారం రోజులు మా అవస్థ చూసి పెడన కుర్రాడొకడు తుండుగుడ్డ తీసి ఇంత చోటిచ్చాడు. ఆ జానెడు బల్ల మీద నేనూ, మా గట్టువాడూ ఒకళ్ళ తొడ మీద ఒకళ్ళం రెండేళ్ళు చదివాం. (గట్టువాడంటే మా ఊరివాడే. ఇల్లు కాలవగట్టు మీద.)

ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ మా ఊళ్ళోనే ఉంది, 1998 నుంచీ. బస్సులు బస్సులుగా దిగుతారు పిల్లలు, ఎవడి చెవుల్లో వాడి బిరడాలు. పక్కవాణ్ణి "జరుగు" అనడానికి కూడా నోరు పెగలదు.

1977లో నేను వాల్తేరు వెళ్ళాను, యూనివర్సిటీ ఇంజనీరింగుకి. గట్టువాడు వ్యవసాయంలో దిగాడు. హాస్టల్లో మొదటి రాత్రి ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. రెండో రాత్రి నేను అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి జాడీ మూత తీశాను, అంతే. శ్రీకాకుళం కుర్రాడు కంచంతో సహా వచ్చి "ఏటది?" అన్నాడు. శనివారానికి జాడీ ఖాళీ, గది నిండా జనం.

పాతవాడికి మాత్రం కార్డే దిక్కు. కార్డంటే పోస్టుమ్యాను చదివి, అరుగు మీదివాళ్ళకి వినిపించి, ఆ తర్వాత మనకిచ్చేది. గట్టువాడు చోటు వృథా చేసే రకం కాదు. కాలవకి నీళ్ళొదిలారనీ, బర్రె ఈనిందనీ నిండా రాసి, మిగతాది అంచుల వెంబడి తలకిందులుగా రాసేవాడు. కార్డుని గుండ్రంగా తిప్పుతూ చదువుకోవాలి.

ఆ నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది పోయారని పేపర్లో చూస్తున్నాం, ఇంటి దగ్గర్నుంచి కబురు లేదు. రోజూ పోస్టు వేళకి హాస్టలు గుమ్మంలో నిలబడేవాణ్ణి. చివరికొచ్చింది కార్డు, గట్టువాడిదే. అంచులన్నీ ఖాళీ. "మీవాళ్ళు క్షేమం. మీ పెంకులు లేచిపోయాయి, గోడలున్నాయి. మా పాక లేదు. చేను పడుకుంది. నువ్వు రావద్దు, దారుల్లేవు." అంతే.

ఇదంతా మనవడికి చెప్పి, "మీ గ్రూపులో వందమంది ఉంటే ఏం లాభంరా, కేకు బొమ్మలు విసురుకోడం తప్ప!" అన్నాను.

"తర్వాత నువ్వేం రాశావు తాతయ్యా?"

రాశాను. ఆ ఏడు రాశాను, పై ఏడూ రాశాను. మూడో ఏడు పరీక్షలనీ, కొత్త స్నేహితులతో సినిమాలనీ... వాడివి రెండు కార్డులొచ్చాయి. వాటికి జవాబు రాయలేదు. ఆ మాట వీడికెందుకని, "చార్జరు పెట్టుకున్నావా?" అన్నాను.

గట్టువాడికీ ఫోనొచ్చింది ఈమధ్య, వాళ్ళమ్మాయి కొనిచ్చిందిట. నా నంబరు ఎవర్నడిగి పట్టాడో, తెల్లారుజామున నాలుగున్నరకే ఓ గులాబీ, కింద శుభోదయం. రోజూ అదే గులాబీ! నిద్ర చెడగొట్టడానికి కాకపోతే ఏమిటిది? అంచుల దాకా రాసినవాడికి ఒక్క ముక్క సొంతంగా రాయడానికి ఏమొచ్చిందంటాను.

ఇవాళ గులాబీ కింద ఇంకో ముక్క ఉంది. "కాలవకి నీళ్ళొదిలారు" అని.

కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనబడ్డం లేదు.